ఇల్లు మారే పది రోజులూ ఏం వండుకోవాలి, ఏం కొనుక్కోవాలి

లారీ తెల్లారి ఆరింటికి వస్తుందనగా రాత్రి పదింటికి కుక్కర్ తోముతూ కూర్చున్నాను. జూన్ నెల, ముసురు. తోమిన గిన్నె తెల్లారినా ఆరలేదు. తడి మీదే పేపర్లో చుట్టి అట్టపెట్టెలో పడేశాను. బరంపురంలో పెట్టె విప్పేసరికి ఒడియా పేపరు హెడ్డింగు కుక్కర్ మూత మీద తిరగబడి అచ్చుపడి ఉంది. ఆ రాత్రి మేం ఇండక్షన్ మీద వండుకుని తిన్నది పప్పుచారు, బంగాళాదుంపల వేపుడు. దానికి పట్టినవి కుక్కరు, మూకుడు, చారు గిన్నె, పోపు గరిటె, అన్నం గిన్నె, కంచాలు. నలుగురి భోజనానికి తొమ్మిది సామాన్లు.

అందుకే ఇల్లు మారేటప్పుడు తిండిని రుచితోనూ ఖర్చుతోనూ పోల్చడం మానేశాను. తిన్నాక సింకులో ఎన్ని గిన్నెలు మిగిలాయి? ఇదొక్కటే నా కొలత. కింద రాసిన పోలికలన్నీ ఆ లెక్క మీద రాసినవే. ఒడిశాలోనే, పర్లాకిమిడి నుంచి బరంపురం మారినప్పటి అనుభవం ఇది. ఊళ్ళు వేరైనా వంటిల్లు సర్దడంలో పెద్ద తేడా ఉండదు కాబట్టి రాయగడ వాళ్ళకైనా, జయపురం వాళ్ళకైనా పనికొస్తుంది.

ముందు ముహూర్తం గురించి ఒక మాట. ఆషాఢం వచ్చేస్తే మనవాళ్ళు ఇల్లు మారరు. దానికి ముందు, జూన్ నడుమ మూడు రోజులు ఒడియా వాళ్ళకి రజో పండగ. భూమికి విశ్రాంతి అని దున్నరు, తవ్వరు, మోత పనికి మనుషులు దొరకరు. రజో అయ్యాక ఆషాఢం వచ్చేలోపు ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే అందరూ లారీల కోసం పడతారు. మేమూ ఆ గుంపులోనే పడ్డాం.

ఉన్నవి తినేయాలా, మోసుకుపోవాలా, ఇచ్చేయాలా

"ఇంట్లో ఉన్నవన్నీ ఖాళీ చేసేద్దాం" అని పది రోజుల ముందే శపథం చేస్తాం. మంచిదే, కానీ అన్నిటికీ అది కుదరదు. కందిపప్పు, పెసరపప్పు, బియ్యం, ఉప్పు, చింతపండు మోసుకుపోతే నష్టం లేదు, వాటిని అవగొట్టాలని రోజూ పప్పు వండి పిల్లల్ని ఏడిపించక్కర్లేదు. అయిపోవాల్సినవి వేరే: ఫ్రిజ్‌లో ఉన్నవి, మూత విప్పిన నూనె ప్యాకెట్లు, సగం వాడిన పిండి పొట్లాలు.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని చెప్పాలి. రెండు కిలోల బియ్యప్పిండి, లీటరు పైగా నూనె మిగిలాయి. ఒక్క దెబ్బకి రెండూ అయిపోతాయని జంతికలు వేశాను. పిండి అయిపోయింది. నూనె మాత్రం ముప్పాతిక వంతు మూకుడులోనే మిగిలింది, అదీ కాగిన నూనె. దాన్ని పారబోయలేం, లారీలో తీసుకెళ్ళలేం, ఎవరికైనా ఇస్తే బాగుండదు. మర్నాడు ఆ నూనె కోసం పూరీలు, ఆ మర్నాడు బజ్జీలు. ఒక పాత నూనె కోసం మూడు రోజులు మూకుడు కడగలేదు. మిగిలిన పిండితో రొట్టె కాల్చుకోండి, నూనెని పోపులకి వాడుకోండి, సీలు తియ్యని ప్యాకెట్లు పెట్టెలో పెట్టండి. ఆఖరి పది రోజుల్లో మూకుడు నిండా నూనె పొయ్యొద్దు.

దోసెల పిండి కూడా అంతే. ఫ్రిజ్‌ని లారీ ఎక్కించడానికి ఒక రోజు ముందే ఆపి, మంచు కరిగించి, తుడిచి ఆరబెట్టాలి. ఆ రోజు రుబ్బిన పిండి ఉందంటే జూన్ ఉక్కకి సాయంత్రానికల్లా గిన్నె దాటి పొంగుతుంది. ఆఖరి వారంలో పులియబెట్టే పిండి రుబ్బకుండా పెసరట్టుకి మారండి. పెసలు ఏ పూటకి ఆ పూట నానబెట్టుకోవచ్చు, పులియాల్సిన పని లేదు.

కొత్త ఆవకాయ సంగతి విడిగా చెప్పుకోవాలి. మేలో పెట్టిన ఆవకాయకి జూన్‌లో నూనె పైకి తేలి ఉంటుంది. జాడీకి వాసెన కట్టి, పైన పాలిథిన్ కవరు చుట్టి, లారీలో నిలబెట్టినా టెక్కలి రోడ్డు గతుకులకి నూనె గుడ్డలోంచి ఊరుతూనే ఉంటుంది. మా చీరల పెట్టె దాని పక్కనే ఉంది. ఇంతకంటే చెప్పను. పైకి తేలిన నూనెని ముందే వేరే సీసాలోకి వంపేసి, ముక్కని నొక్కి పెట్టి, జాడీని మనతోపాటు కారులోనో బస్సులోనో కాళ్ళ దగ్గర పెట్టుకోవడం మేలు. కొత్తింట్లో ఆ నూనె మళ్ళీ పోసేయొచ్చు.

ఏ పొయ్యి మీద?

గ్యాస్ కాగితాల పని తెలియకపోతే తిండి లెక్కలన్నీ తప్పుతాయి. ఇంటికి వాడే సిలిండర్ 14.2 కిలోలది. ఊరు మారితే సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీకి అప్పగించాలి. పొయ్యి మనదే. మన డిపాజిట్టు తిరిగిచ్చి టెర్మినేషన్ వోచర్ అని ఒక కాగితం ఇస్తారు. కొత్త ఊళ్ళో ఆ కాగితం చూపించి, అప్పటి రేటు ప్రకారం డిపాజిట్టు కట్టి సిలిండర్ తీసుకోవాలి. ఉన్న ఊళ్ళోనే ఇల్లు మారితే ఇంత తతంగం లేదు, సిలిండర్ మనతోనే వస్తుంది, కాగితాలు మార్పించుకుంటే చాలు. సిలిండర్‌ని రైల్లో తీసుకెళ్ళడం మాత్రం నేరం, ఖాళీదైనా ఆ ఆలోచన వద్దు.

మేం తొందరపడి లారీకి మూడు రోజుల ముందే అప్పగించేశాం. అటు మూడు రోజులు, కొత్త ఊళ్ళో నాలుగు రోజులు, మొత్తం వారం రోజులు మంట లేదు. ఆ వారంలో పోల్చుకున్నవి ఇవీ.

ఇండక్షన్ పొయ్యి: వేగంలో గ్యాస్‌కి తీసిపోదు. 2000 వాట్ల మీద అరగంట వాడితే ఒక యూనిట్ కరెంటు. చిక్కల్లా గిన్నెలతోనే. అయస్కాంతం అంటుకునే గిన్నె, అడుగు సాపుగా ఉన్నది మాత్రమే దానికి పనికొస్తుంది. సత్తు గిన్నె, ఇత్తడి, రాగి పెడితే అది అసలు గుర్తించదు. స్టీలులో కూడా అన్నీ కుదరవు. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. ఆ పరీక్షలో నెగ్గినవి రెండు గిన్నెలు బయట ఉంచుకుని మిగతావి సర్దేయండి.

రెండో చిక్కు ప్లగ్గు. పాత ఇళ్ళల్లో చాలా గదులకి చిన్న ప్లగ్గులే ఉంటాయి. అవి 6 ఆంపియర్లవి, 230 వోల్టుల మీద లెక్కేస్తే 1400 వాట్లు కూడా మొయ్యవు. 2000 వాట్ల పొయ్యికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గే కావాలి. మామూలు 1500 వాట్ల కెటిల్ కూడా చిన్న ప్లగ్గుకి ఎక్కువే. మా కొత్తింట్లో పవర్ ప్లగ్గు వంటింట్లో లేదు, స్నానాల గది గీజరు పక్కన ఉంది. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్లగ్గులు చూసుకోవడం మా ఆయన పని. ఆయన బాల్కనీ చూశారు.

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్: 700 వాట్లు, చిన్న ప్లగ్గు చాలు, ఎక్కడైనా పెట్టొచ్చు, పెట్టి వదిలేయొచ్చు. సామాన్లు సర్దేవాడికి పొయ్యి దగ్గర నిలబడనక్కర్లేకపోవడం ఎంత సుఖమో ఆ రోజుల్లో తెలుస్తుంది. అన్నమే కాదు, పెసరపప్పు కిచిడీ, రవ్వ ఉప్మా, ఉడకబెట్టిన గుడ్లు, దుంపలు, అన్నీ అందులోనే అయ్యాయి. ఒక్కటే లోపల గిన్నె, దాంట్లోంచే వడ్డన.

అయిదు కిలోల చిన్న సిలిండర్: కనెక్షన్ లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే దొరుకుతుంది. ఇండియన్ ఆయిల్ వాళ్ళు దీన్ని చోటూ పేరుతో అమ్ముతారు. వారం దాటి ఎదురుచూడాల్సి వస్తే, వానలకి కరెంటు పోయే ఊరైతే ఇది తీసుకోండి. నాలుగు రోజుల కోసమైతే దండగ.

నన్నడిగితే మొదటి ఓటు రైస్ కుక్కర్‌కి. ఇంట్లో లేకపోతే ఇల్లు మారడం వంకతో కొనేయండి. ఇండక్షన్ దాని తరవాతే. కరెంటు పోయిందా, రెండూ ఒకటే అనుకోండి, అప్పుడు కింద చెప్పిన చిరుతిళ్ళే దిక్కు.

పొయ్యి అక్కర్లేని తిండి

ఈ విషయంలో మన సరిహద్దు వాళ్ళం అదృష్టవంతులం. రెండు భాషల చిరుతిళ్ళు ఒకే సందులో దొరుకుతాయి.

మురీలు ముందు. గుంటూరు వాళ్ళు మరమరాలంటారు, సీమవాళ్ళు బొరుగులంటారు, మనకి మురీలు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా ముక్కలు, కాస్త మిక్చర్, నాలుగు చుక్కల ఆవనూనె వేసి కలిపితే అయిదు నిమిషాల్లో పది మందికి పెట్టొచ్చు. పేపరు పొట్లంలో తింటే గిన్నె ఒకటే, కలిపినది. కానీ జూన్ గాలి తగిలితే గంటలో మెత్తబడి గుడ్డపేలికల్లా అయిపోతాయి. మళ్ళీ కరకరలాడాలంటే మూకుడులో వేయించాలి, మన మూకుడేమో పెట్టెలో ఉంటుంది. పెద్ద సంచి కొని సర్దుకోవద్దు, అది లారీలో పరుపంత చోటు తింటుంది. రోజుకి కావలసినంత రోజూ కొనుక్కోవాలి. ఇంకో సంగతి, మురీలతో కడుపు నిండినట్టుంటుంది, నిండదు. హడావిడిలో తిన్నవాడికి గంటన్నరకి మళ్ళీ ఆకలేస్తుంది.

అటుకులు దీనికి తిరగేసిన సరుకు. చోటు తక్కువ, బరువు ఎక్కువ, కడుపులో నిలుస్తాయి. మందం అటుకులు కడిగి అయిదు నిమిషాలు వదిలేసి, కప్పు పెరుగు, బెల్లం, ఒక అరటిపండు కలిపితే అదే టిఫిను. ఒడియా ఇళ్ళల్లో దహీ చుడా అని ఇష్టంగా తింటారు. పల్చటి అటుకులకైతే నీళ్ళు చిలకరిస్తే చాలు. ఇంట్లో నెయ్యి సీసా అడుగున మిగిలి ఉంటే చుడా ఘసా చెయ్యండి. అటుకుల్ని నెయ్యి, పంచదార, కొబ్బరి కోరుతో చేత్తో రుద్ది రుద్ది కలుపుతారు, పెరుగు కూడా అక్కర్లేదు. షుగరున్న వాళ్ళకి మాత్రం అటుకులు, బెల్లం, అరటిపండు మూడూ కలిపి పెట్టకండి. మా అత్తయ్యకి శనగలు నానబెట్టి ఇచ్చాం.

ఛతువా ఎక్కువమంది తెలుగువాళ్ళు పట్టించుకోరు, అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే పిండి కదా అని తేలిగ్గా తీసేస్తారు. శనగలు, గోధుమలు లాంటివి వేయించి పట్టించిన పిండి అది. గ్లాసులో రెండు చెంచాలు వేసి పాలో మజ్జిగో పోసి, బెల్లమో ఉప్పో కలిపి తాగేస్తే పని అయిపోతుంది. సింకులో ఒక్క గ్లాసు. నా లెక్కలో దీన్ని మించింది లేదు. రుచికి మాత్రం మా అమ్మాయి మొహం చూడాలి.

కొన్న జంతికలు, చెగోడీలు, బిస్కెట్లు: కొనుక్కోండి, తినండి, వాటి గురించి చెప్పడానికేం లేదు.

వీటన్నిటినీ ఓడించింది మేం అనుకోనిది. రజోకి పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) పోడ పిఠా పంపింది. బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం, కొబ్బరి ముక్కలు, యాలకులు కలిపి, సన్న సెగ మీద గంటల తరబడి, పైనా కిందా మాడేదాకా కాలుస్తారు. మన దిబ్బరొట్టెకి తీపి చెల్లెలు అనుకోండి. పైన మాడిన పెచ్చు నల్లగా, కొంచెం చేదుగా, లోపల మెత్తగా తేనెరంగులో ఉంటుంది. చాకుతో కోస్తే కేకులా ముక్క వస్తుంది, చేతికంటదు. ఫ్రిజ్ లేకుండా మూడో రోజుకి కూడా బాగుంది. ఆకలేసినప్పుడు ఒక ముక్క, పైన మంచినీళ్ళు. మావుసీ ఇచ్చిన గిన్నె తిరిగివ్వాలి కాబట్టి అదొక్కటి కడిగాను. ఖాళీగా ఇవ్వకూడదని అందులో మా ఆవకాయ పెట్టి ఇచ్చాను, జాడీ బరువు కాస్త తగ్గింది కూడా.

ఆఖరి రాత్రి, లారీ రోజు

ఆఖరి రాత్రి వేడివేడిగా వండుకోవాలని ఉంటుంది. నన్నడిగితే వద్దు. సాయంత్రం అన్నం వండి, చల్లారగానే నీళ్ళు పోసి చద్దన్నం చేసుకోండి. ఒడిశాలో దీన్ని పఖాళ అంటారు, మార్చి 20న దీనికో దినోత్సవం కూడా జరుపుతారు. పెరుగు, ఉల్లిపాయ, చేత్తో నలిపిన వడియాలు. మావుసీ వాళ్ళయితే మినప వడియాల్ని వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఆవనూనెతో నలిపి బడి చూరా చేస్తారు. ఒక గిన్నె, కంచాలు, అంతే. వండిన అన్నాన్ని ఊరికే గిన్నెలో మూతపెట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున పోపేసి తినడం మాత్రం చెయ్యకండి. అన్నంలో ఉండే బాసిలస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, వెచ్చదనంలో మొలిచి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్ ఆపేసిన రోజునే ఈ పొరపాటు జరిగేది.

లారీ రోజు కట్టుకుపోయే తిండికి పోటీ నాలుగింటి మధ్య. నిమ్మకాయ పులిహోర తేలిక, కానీ మధ్యాహ్నానికి చేదెక్కుతుంది. చింతపండు పులిహోర నిలుస్తుంది. దాని పులుసు నాలుగు రోజుల ముందే, గ్యాస్ ఉండగానే ఉడికించి నూనె తేలేలా సీసాకెత్తితే, ఆ రోజు అన్నం వండి కలపడమే. దద్దోజనం చల్లగా దిగుతుంది, కానీ పెరుగుతో కలిపితే పదకొండింటికి పులుపు. అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు కలిపి పెడితే మధ్యాహ్నానికి అదే తోడుకుని కమ్మగా ఉంటుంది. చపాతీలు బాగా నిలుస్తాయి, కానీ పీట, కర్ర, పెనం మూడూ బయట పెట్టుకోవాలి. నా లెక్కకి అవి అక్కడే ఓడిపోయాయి.

మేం పాతపట్నం మీదుగా టెక్కలి వచ్చి, హైవే ఎక్కి పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటుకుని వెళ్ళాం. దారి పొడవునా హోటళ్ళున్నాయి. కానీ లారీ డ్రైవరు ఆగిన చోట మనకి నచ్చదు, మనకి నచ్చిన చోట అతను ఆగడు. పులిహోర పొట్లాలు విస్తరాకుల్లో కట్టుకోవడం మంచిదైంది.

మోత కూలీలకి టీ, టిఫిను ఇంట్లో పెట్టాలా, బయట తెప్పించాలా? బయటే. సందు చివర బండి మీద వేడి బరా (మన గారెలే), ఘుగుని (బఠాణీల కూర), ఫ్లాస్కులో టీ. అరడజను మందికి ఇంట్లో ఉప్మా వండితే ఆ గిన్నె ఎవరు తోముతారు, వాళ్ళు మొయ్యాల్సిన పెట్టెలో దాన్నెప్పుడు పెడతారు?

పాలు పొంగించే పొయ్యి

కొత్తింట్లో మొదటి పూట సంగతి ముందే అనుకోకపోతే ఇదీ జరిగేది. పొద్దున తొమ్మిదిన్నరలోపు పాలు పొంగించాలి. అత్తయ్య తన పెళ్ళినాటి ఇత్తడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నారు. పసుపు రాసి, దారం కట్టి, పాలు పోసి ఇండక్షన్ మీద పెట్టారు. అది కుయ్‌మని అరిచి ఆగిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ అరిచింది.

"అత్తయ్యా, ఇత్తడి దీనికి పనికిరాదు. స్టీలు గిన్నెలో పెడదాం."

"గిన్నె సంగతి సరేనమ్మా, మంట ఏదీ? మంట కనబడకుండా పాలు పొంగితే గృహప్రవేశం ఎలా అవుతుంది?"

టైము తొమ్మిదీ పది. కింద ఇంటివాళ్ళ గ్యాస్ పొయ్యి అడిగి తెచ్చుకోవచ్చు, కానీ దానికి సిలిండరూ మెట్లెక్కాలి. మా అమ్మాయి దేవుడి సామాన్ల సంచిలోంచి ప్రమిద తీసి, వత్తి వేసి, ఇండక్షన్‌కి జానెడు దూరంలో వెలిగించింది. "మంట ఇదిగో నానమ్మా" అంది. అత్తయ్య ఒక్క క్షణం చూసి, ఇత్తడి గిన్నెలో పాలు తనే స్టీలు గిన్నెలోకి వంపారు. పొంగాయి. అద్దం మీదకి కారి, పొయ్యి మళ్ళీ కుయ్‌మని ఆగిపోయింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

ఆ పాలల్లోనే బియ్యం వేసి రైస్ కుక్కర్లో పరమాన్నం చేశాం. బెల్లం మాత్రం దింపి కాస్త చల్లారాకే కలపాలి, లేకపోతే విరుగుతుంది. మధ్యాహ్నం దాంతోపాటు సీసాలో మిగిలిన పులిహోర పులుసు, కుక్కరన్నం. ఆ పూట సింకులో పడినవి ఇత్తడి గిన్నెతో కలిపి నాలుగు. ఇత్తడిదాన్ని అత్తయ్య చింతపండు పెట్టి తనే తోముకున్నారు.